శ్రీహరికోట ట్రిప్‌కు తేదీ ఎందుకు చెప్పలేకపోతున్నాం

నమస్తే. హనుమకొండ, కాజీపేట, పరకాల, నర్సంపేట నుంచి మా శ్రీహరికోట రాకెట్ ట్రిప్‌కు పేర్లు ఇచ్చిన తల్లిదండ్రులకు, స్కూళ్ల సార్లకు, మేడమ్‌లకు ఈ నాలుగు మాటలు. ఫోన్ ఎత్తితే అందరూ అడిగేది ఒకటే: "అన్నా, తారీఖు పక్కానా?" పక్కా కాదు. ఇప్పట్లో పక్కా అని చెప్పగలిగే పరిస్థితి కూడా లేదు. ఎందుకో చెప్తాను, మీ డబ్బుల సంగతీ చెప్తాను.

వేసవి సెలవుల ట్రిప్‌కు మేం నమ్ముకున్నది ఇస్రో వాళ్ల పీఎస్ఎల్‌వీ రాకెట్‌ను. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 మూడో దశలో దెబ్బతింది. ఆ తర్వాత దాదాపు ఎనిమిది నెలలు ఆ రాకెట్ మళ్లీ ఎగరలేదు. 2026 జనవరి 12న సీ62 లేచింది. సంక్రాంతి సెలవులు కాబట్టి మన పిల్లలు ఆ రోజు ప్రయోగం చూసే గ్యాలరీలోనే ఉన్నారు. మొదటి రెండు దశలు చక్కగా సాగాయి, పిల్లలు గొంతు పోయేలా అరిచారు. మూడో దశ చివరికి వచ్చేసరికి మైకులో మాటలు తగ్గిపోయాయి. పెద్ద తెర మీద కంట్రోల్ రూంలో వాళ్ల ముఖాలు చూసి, పరకాల నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పాప నా చొక్కా పట్టుకుని "ఏమైంది అంకుల్?" అని అడిగింది. ప్రధాన ఉపగ్రహం, దాంతో పాటు ఎక్కించిన 15 చిన్నవి, ఏవీ కక్ష్యకు చేరలేదు. వాటిలో మన హైదరాబాద్ స్టార్టప్‌లవి కూడా ఉన్నాయి. ఏళ్ల తరబడి రాత్రీపగలూ పనిచేసిన పిల్లలు వాళ్లు. ఆ బాధ ముందు మా బస్సు కిరాయి ఏపాటిది?

ఇలా జరిగాక కారణం తేలాలి, లోపం సరిచేయాలి, మళ్లీ పరీక్షించాలి. అప్పటిదాకా వెనక వరుసలో ఉన్నవన్నీ ఆగాల్సిందే. "వేరే రాకెట్ మీద పంపొచ్చు కదా?" అని ఒక సార్ అడిగారు. మంచి ప్రశ్నే. కానీ ఉపగ్రహాన్ని ఏ రాకెట్‌కు బిగించాలో ముందే అనుకుని, ఆ రాకెట్ అదురును తట్టుకునేలా పరీక్షలు చేసి సిద్ధం చేస్తారు. రాకెట్ మారితే ఆ లెక్కలు, పరీక్షలు చాలావరకు మళ్లీ మొదటికొస్తాయి. పైగా ఖాళీగా ఉన్న రాకెట్ దొరకాలి కదా.

దొరకడమే ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న సమస్య. యూరప్ వాళ్ల ఏరియాన్-6 2020లో ఎగరాల్సింది, 2024 జూలై 9న ఎగిరింది. పాత ఏరియాన్-5ను 2023 జూలైలోనే ఆపేశారు. అదే నెలలో వాళ్ల యూక్లిడ్ టెలిస్కోప్‌ను అమెరికా ఫాల్కన్-9 మీద పంపుకోవాల్సి వచ్చింది. అమెజాన్ అయితే తన ఇంటర్నెట్ ఉపగ్రహాల కోసం 2022 ఏప్రిల్‌లో మూడు కంపెనీల దగ్గర 83 ప్రయోగాల వరకు బుక్ చేసుకుంది. అప్పటికి ఆ కంపెనీల కొత్త రాకెట్లు ఏరియాన్-6, వల్కన్, న్యూ గ్లెన్ మూడింటిలో ఒక్కటీ ఎగరలేదు! వల్కన్ 2024 జనవరిలో, న్యూ గ్లెన్ 2025 జనవరిలో తొలిసారి లేచాయి. ఫాల్కన్-9 నడిపే స్పేస్‌ఎక్స్ 2025లో 160కి పైగా ప్రయోగాలు చేసిన మాట నిజమే, కానీ వాటిలో ఎక్కువ భాగం సొంత స్టార్‌లింక్ ఉపగ్రహాలకే పోయాయి. ఉక్రెయిన్ యుద్ధం వల్ల రష్యా రాకెట్లు దూరమై ఇంటర్నెట్ ఉపగ్రహాల కంపెనీ వన్‌వెబ్ మన దగ్గరికి వచ్చింది. మన పెద్ద రాకెట్లు ఎల్‌వీఎం3లు రెండింటి మీద 72 ఉపగ్రహాలను మన శ్రీహరికోట నుంచే పంపారు. అది నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. అయితే అక్కడ పెద్ద రాకెట్లకు ఉన్నవి రెండే లాంచ్‌ప్యాడ్‌లు. మూడోదానికి 2025 జనవరిలో అనుమతి వచ్చింది, కట్టడానికి నాలుగేళ్లు పడుతుంది.

అన్నీ కుదిరి తేదీ ప్రకటించాక కూడా చివరి గంట దాకా నమ్మకం లేదు. 2024 డిసెంబర్ 4న యూరప్ వాళ్ల ప్రోబా-3 ఉపగ్రహాల ప్రయోగానికి గంట కూడా లేదనగా ఉపగ్రహంలో తేడా కనిపించింది. ఆపేసి మర్నాడు పంపారు. ఆపడమే న్యాయం. కానీ మనకు అర్థం ఏమిటంటే సూళ్లూరుపేటలో ఇంకో రాత్రి రూములు, భోజనాలు, డ్రైవర్ బత్తా. మర్నాడు పిల్లలకు పరీక్ష ఉంటే తల్లిదండ్రుల టెన్షన్ వేరే.

అందుకే ఇకనుంచి పద్ధతి మారుస్తున్నాం. తేదీ చెప్పి పూర్తి డబ్బు తీసుకోవడం బంద్. సీటుకు 300 రూపాయలు ఇచ్చి పేరు రాయించుకోండి, ప్రయోగం ఎప్పుడైనా ఆ పేరు చెల్లుతుంది, వద్దనుకుంటే మొత్తం వాపస్. మిగతా డబ్బు ఇస్రో వెబ్‌సైట్‌లో మీ ఆధార్‌తో గ్యాలరీ రిజిస్ట్రేషన్ అయ్యాకే తీసుకుంటాం. ఆ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఒక రోజు వాయిదా పడితే అదనపు రాత్రి రూము ఖర్చు మాది, భోజనం ఖర్చు మీది. అంతకంటే ఎక్కువ మేం మోయలేం, ఉన్నమాట చెప్తున్నాను. వేసవి ట్రిప్ కోసం ఒక లాడ్జికి కట్టిన అడ్వాన్స్ తిరిగి రాలేదు. అది మీ లెక్కలో వేయడం లేదు.

విక్రమ్-1 గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. మన హైదరాబాద్ స్కైరూట్ వాళ్ల రాకెట్, నాకూ చూపించాలనే ఉంది. 2022లో వాళ్ల విక్రమ్-ఎస్ కూడా వాతావరణం బాగాలేక మూడు రోజులు జరిగి నవంబర్ 18న ఎగిరింది. కాబట్టి తేదీతో పాటు గ్యాలరీలోకి జనాన్ని రానిస్తారన్న ప్రకటన వచ్చాకే దానికి పేర్లు రాసుకుంటాం.

వేసవి ట్రిప్‌కు పూర్తి డబ్బు కట్టినవాళ్లు ఈ శనివారంలోపు రసీదు ఫొటో పంపండి. వాపస్ కావాలో, పేరు అలాగే ఉంచాలో ఒక్క మాట రాయండి. స్కూళ్ల వాళ్లు మాత్రం పరీక్షల టైంటేబుల్ కూడా పంపాలి. ఆ తేదీల్లో ప్రయోగం పడితే మీ పిల్లల సీట్లు తర్వాతి ట్రిప్‌కు మారుస్తాం, దానికి అదనంగా ఏమీ తీసుకోం.