హవాయి చెప్పులు, వెదురు నిచ్చెన, 22 అంగుళాల రంపం

సంపాదకులు గారికి నమస్కారం.

పదకొండు రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. వానలు రాకముందే మా పట్టణంలో రోడ్డు పక్క చెట్ల కొమ్మలు కొట్టిస్తున్న ఫొటో. కింద 'ముందస్తు జాగ్రత్త' అని రాశారు. ఆ జాగ్రత్త ఎక్కడుందా అని కళ్లజోడు తుడుచుకుని మరీ వెతికాను. ఇరవై ఏళ్లు కూడా ఉండవు, ఒక కుర్రాడు వెదురు నిచ్చెన ఆఖరి మెట్టు మీద నిలబడ్డాడు. కాళ్లకు హవాయి చెప్పులు. ఎడమ చెయ్యి కొమ్మ మీద, కుడి చేతిలో తలకన్నా ఎత్తున 22 అంగుళాల చైన్ సా, అంటే గొలుసు తిరిగే మిషను రంపం. కింద ముగ్గురు నిచ్చెన పట్టుకుని నోరు తెరుచుకుని పైకే చూస్తున్నారు. కళ్లలో పొట్టు పడుతుందన్న ఆలోచన కూడా లేదు. అదే రోజు రాద్దామనుకున్నాను కానీ ఆఖరి మామిడి కోతల్లో ఉండి కుదరలేదు.

నాకు ఆరెకరాల మామిడి తోట ఉంది. కాయ దిగాక కొమ్మల కత్తిరింపు తొమ్మిదేళ్లుగా నేనే చేసుకుంటున్నాను. మొదట్లో నేనూ ఆ కుర్రాడిలాంటివాణ్ణే. రంపం కొనడానికి వెళితే షాపాయన "పెద్దది తీసుకోండి సార్, రేటులో పెద్ద తేడా లేదు" అన్నాడు. 58 సీసీ ఇంజను, 22 అంగుళాల బారు (చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ). పెట్రోలు, ఆయిలు పోస్తే ఏడు కిలోలకు తగ్గదు. నేల మీద పడి ఉన్న మొద్దు కోయడానికి దాన్ని మించింది లేదు. కొమ్మలకు ఎత్తితే మాత్రం మూడో చెట్టుకే నా చేతులు వణికాయి. నాలుగో చెట్టు దగ్గర బారు కొస, అందులోనూ కొస పైభాగం, పక్క కొమ్మకు తగిలింది. మిషను గిర్రున ఎగిరి మొహం మీదకు వచ్చింది. ముందున్న గార్డు నా మణికట్టుకు కొట్టుకుని చైను బ్రేకు పడింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ చైను సెకనుకు 20 మీటర్ల దాకా పరుగెడుతుంది. పక్కకు తప్పుకుందాం అనుకునే టైము కూడా ఉండదు. అందుకే రంపాన్ని భుజం కన్నా పైకి ఎత్తకూడదు, రెండు చేతులూ దాని మీదే ఉండాలి. మీ ఫొటోలో ఈ రెండూ తప్పాయి. అయినా మీవాళ్లు శ్రద్ధగా ఫోకస్ చేసి తీశారు.

దాన్ని సగం రేటుకు అమ్మేసి 35 సీసీ, 14 అంగుళాల రంపం తెచ్చుకున్నాను. అన్నీ కలిపి అయిదు కిలోల చిల్లర. అడుగు మందం దాటిన కొమ్మ కొట్టే అవసరం తోటలో ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? రోడ్డు పక్క కొమ్మలకూ అంతే. తేలికది అన్నానని మళ్లీ ఇంకో పొరపాటు పడొద్దు. ఇప్పుడు పైన పిడి ఉండే మూడు కిలోల బుల్లి రంపాలు వస్తున్నాయి. తాడు, బెల్టు కట్టుకుని చెట్టెక్కే నేర్పున్నవాళ్ల కోసం చేసినవి అవి. వాటిని ఆన్‌లైన్లో కూరగాయల కత్తుల్లా అమ్ముతున్నారు. బరువు లేదు కదా అని ఒంటి చేత్తో పట్టుకుంటారు, అది ఎగిరితే ఆపేది ఎవరు? బ్యాటరీవాటికి పెద్దగా చప్పుడు ఉండదు కనుక భయం కూడా ఉండటం లేదు.

ఇక చెట్టు సంగతి. అదే గ్యాంగు మా బావమరిది ఇంటి ముందు వేపచెట్టు మీద పడింది. తొడంత లావు కొమ్మను పైనుంచి ఒకటే కోత కోశారు. సగం తెగగానే కొమ్మ తన బరువుకు తానే విరిగి, మాను మీద మూరెడు బెరడు ఊడబెరుక్కుని కింద పడింది. మానుకు జానెడు అవతల ముందు కింద నుంచి మూడో వంతు గాటు పెట్టాలి. ఇంకొంచెం అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా రాలుతుంది. మిగిలిన మోడును మానుకూ కొమ్మకూ మధ్య ఉబ్బెత్తుగా ఉండే చోటు వదిలి, దాని బయట కోయాలి. అలా చేస్తే గాయం మానుతుంది. అసలే వేపచెట్లు కొన్నేళ్లుగా చిగుళ్లు మాడే తెగులుతో ఎండిపోతున్నాయి. దానికి తోడు ఈ మూరెడు పుండు.

చెట్టు కింద చూశాను, పొట్టు లేదు, గోధుమపిండి లాంటి పొడి. అంటే చైను మొద్దుబారి ఎన్ని రోజులైందో! పదునుంటే రంపం తనే కొమ్మలోకి దిగుతుంది, లేకపోతే మనిషి ఒళ్లంతా వేసి నొక్కాలి. అదీ నిచ్చెన మీద నిలబడి! నా రంపానికి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది, ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా అయిదు నిమిషాల పని. చైను మీదకు కారాల్సిన ఆయిలు బదులు వీళ్లు లారీ షెడ్డులో తీసేసిన నల్లటి ఆయిలు పోస్తున్నారు. అదీ ఉచితం కాదు, బిల్లులో కొత్త ఆయిలే ఉంటుంది.

ఉండబట్టలేక ఈ పని టెండరుకు ఇచ్చిన ఆఫీసుకు వెళ్లి అడిగాను. టెండర్లో 'చైన్ సా ఒకటి, మనుషులు నలుగురు' అని ఉందట, అంతే. ఎన్ని కిలోలు, ఎన్ని అంగుళాలు, పట్టేవాడికి వచ్చా రాదా, ఆ గొడవే లేదు. హెల్మెట్లు, గ్లోవ్స్ ఇచ్చారా అంటే ఇచ్చామని రిజిస్టర్లో సంతకాలు చూపించారు. హెల్మెట్టు రిజిస్టరు పెట్టుకుంది కాబోలు. కరెంటు వాళ్ల దగ్గర లైన్ క్లియర్, అంటే పనయ్యేదాకా ఆ తీగెకు కరెంటు ఆపే అనుమతి, తీసుకున్నారా అంటే అది కాంట్రాక్టరు చూసుకుంటాడన్నారు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా మా ఇళ్లకు కరెంటు మాత్రం పోయింది. ఏ తీగెకు పోయిందో, వాళ్లు కోస్తున్నది ఏ తీగె కిందో ఎవరికీ తెలియదు. అసలు తీగెల కింద ఏపుగా పెరిగే కోనోకార్పస్ మొక్కలు నాటించింది ఎవరు? నాటినప్పుడూ ఫొటోలే, కొట్టేటప్పుడూ ఫొటోలే. నా తోటలో ఎండిన టేకుచెట్టు కొట్టుకోవడానికి మాత్రం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలనే 2002 నాటి వాల్టా చట్టం చెప్పి మూడుసార్లు తిప్పారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా అన్నయ్య విశాఖలో ఉన్నాడు. వీధి వీధంతా చెట్లు అడ్డం పడితే రంపాలకే కాదు, అవి పట్టడం తెలిసినవాళ్లకు కూడా కరువొచ్చిందని ఇప్పటికీ చెబుతాడు. ఆ తర్వాత 2018లో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టింది. ఇప్పుడు రంపాలు వీధికి రెండున్నాయి. నేర్పేవాళ్లే లేరు. ఐటీఐల్లో ఫిట్టరు, వెల్డరు నేర్పుతున్నారు కదా, దీనికీ ఓ నాలుగు రోజులు కేటాయిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

పోయినేడాది కల్వర్టు మీద రాసిన ఉత్తరాన్ని సగానికి కోసి వేశారు. ఇదీ కోస్తారని తెలుసు. కనీసం ఈ పేరా ఉంచండి. జూలైలో మా తోటలో కత్తిరింపులు మొదలవుతాయి. ఫొటోలో ఉన్న కుర్రాణ్ణి వారం రోజులు నా దగ్గరికి పంపమని ఆ కాంట్రాక్టరుకు చెప్పండి. కూలి నేనే ఇస్తాను. కాలి సైజు ముందుగా తెలిస్తే బూట్లు కూడా తెప్పించి ఉంచుతాను.

– ఒక మామిడి రైతు, ఏలూరు జిల్లా