చీటీ లేకుండా అమ్మే ట్యూబు

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది ఆదోని. మా ఆయన లారీ డ్రైవరు. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఆయనకు గజ్జల్లో తామర లేచింది. రెగ్జిన్ సీటు, ఇంజిన్ వేడి, పొద్దుణ్నుంచి రాత్రి దాకా చెమటలో నానే ఒళ్లు. రాకుంటేనే ఆశ్చర్యం. చూపించుకోవడానికి సిగ్గుపడే చోటు కాబట్టి డాక్టరు దగ్గరికి పోలేదు. మందుల అంగడిలో "దురదకేమన్నా ఇవ్వు" అంటే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. డాక్టరు చీటీ అడగలేదు, దురద ఎక్కడని కూడా అడగలేదు.

పూసిన రెండో రోజుకే దురద పోయింది, ఎరుపు తగ్గింది. మంచి మందే దొరికిందనుకున్నాం. మానేసిన పది రోజులకు మళ్లీ మొదలు, మళ్లీ ట్యూబు. ఇట్లా ఏడాది దాటింది. ఈలోగా అది ఆయన నడుముకు పాకింది. తర్వాత నాకు వచ్చింది, పిల్లోడి మెడ మీదా కనబడింది. ఇంట్లో అందరికీ ఒకటే తుండు మరి.

కడాకు కర్నూలు పోయి చర్మ డాక్టరమ్మకు చూపిస్తే, ఆమె ముందు ట్యూబు చూపించమన్నారు. తామర ఫంగస్ (బూజు లాంటిది) వల్ల వస్తుందట. ఆ ట్యూబులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి ఉన్నాయట. స్టెరాయిడ్ ఫంగస్‌ను చంపదు. ఫంగస్‌తో మన ఒళ్లు చేసే పోరాటాన్ని అణిచేస్తుంది. దురద, ఎరుపు ఆ పోరాటం వల్ల వచ్చేవే. అవి పోయాయని మనం సంతోషపడుతుంటే ఫంగస్ అడ్డు లేకుండా పెరుగుతుంది. పైగా తామర ఆనవాలే చెరిగిపోతుంది. మామూలుగా తామర గుండ్రంగా ఉంటుంది. అంచు కాస్త ఉబ్బి పొట్టు లేస్తుంది, నడుమ చర్మం తేటపడుతుంది. మా ఆయనకు ఆ గుండ్రమే లేదు. డాక్టరమ్మ బ్లేడుతో పొట్టు గీకి మైక్రోస్కోపులో చూశాక గానీ తేలలేదు. తొడల దగ్గర చర్మం పలచబడి, కాన్పులప్పుడు మా ఆడవాళ్లకు పొట్ట మీద పడే చారల్లాంటివి పడ్డాయి. తామర తగ్గినా ఆ చారలు పోవన్నారు.

మా వీధిలో గజ్జికి కూడా ఇదే ట్యూబు పూస్తున్నారు. గజ్జి ఫంగస్ కాదు, చర్మంలో దూరే సన్నటి పురుగు వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రిపూట ఎక్కువ దురద. దాని మందు వేరు.

మా ముగ్గురికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టారు. ఆయనకు మాత్రలు, అందరికీ స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీము. మచ్చ చుట్టూ బాగున్న చర్మానికి కూడా కొంచెం మేర పూయాలి, మచ్చ పోయిందని ఆపకుండా ఇంకో రెండు వారాలు వాడాలి. ఎవరి తుండు వారిదే, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. జీన్స్ మాని నూలు బట్టలు వేసుకోమంటే మా ఆయన ఒప్పుకోవడానికి వారం పట్టింది! టెర్బినఫైన్ అనే మందుకు సరిగా లొంగని తామర ఫంగస్ ఒకటి మన దేశంలో బాగా వ్యాపించిందని, దానికి 2020లో మన దేశం పేరు కలిపి 'ఇండోటినియే' అని పెట్టారని మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పింది. ఏం పేరు తెచ్చుకున్నామో చూడండి.

తప్పంతా అంగడివాళ్లదే అనను, సిగ్గుపడి ఏడాది దాచుకుంది మేమే. కానీ కేంద్ర ప్రభుత్వం 2018లోనే 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. మాకు రెండేళ్లలో ఒక్కసారీ ఎవరూ చీటీ అడగలేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో మామూలు మనుషుల్లా పోయి "దురదకు మందు" అని అడిగి చూడాలి. ఏ ట్యూబు ఇస్తారో వాళ్లకే తెలుస్తుంది. రోజు కూలీ వదులుకుని కర్నూలు దాకా పోలేనివాళ్ల కోసం మండలాల్లోని ఆసుపత్రులకు వారానికొక రోజైనా చర్మ డాక్టరును పంపాలి. ఆశా కార్యకర్తలు ఇళ్లకు వచ్చినప్పుడు ఈ సంగతి ఆడవాళ్లను విడిగా అడగాలి. నలుగురిలో అడిగితే ఎవరూ చెప్పరు, నేనూ చెప్పలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా