విషయం: బయాస్ సెట్ చేయకుండా తిప్పి పంపిన గిటార్ యాంప్, 87 రోజులుగా జవాబు ఇవ్వని మీ కస్టమర్ కేర్

కస్టమర్ సర్వీస్ అధికారి గారికి,

అయ్యా,

మీ సర్వీస్ సెంటర్ నుంచి నా గిటార్ యాంప్ తిరిగొచ్చి ఇవాళ్టికి 87 రోజులు. ఈలోగా 19 సార్లు ఫోన్ చేశాను, ఆరు మెయిళ్లు పెట్టాను. ప్రతిసారీ అడిగింది ఒక్కటే: కొత్త ఔట్‌పుట్ ట్యూబులు (స్పీకరుకి పవర్ ఇచ్చే గాజు వాల్వులు) వేశాక బయాస్, అంటే వాయించనప్పుడు వాటిలో పారే కరెంటు, సెట్ చేశారా? చేస్తే ఒక్కో ట్యూబుకు ఎన్ని మిల్లీ ఆంపియర్లు పెట్టారు? ఒక్క అంకె చెప్పమన్నాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

యాంప్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 7,800 రూపాయలు తీసుకుని ఈఎల్34 రకం ఔట్‌పుట్ ట్యూబులు రెండూ మార్చి పంపారు. ఇంట్లో ఆన్ చేసిన పది నిమిషాల్లోపే ఒక ట్యూబు లోపలి లోహపు ప్లేటు కొలిమిలో పెట్టిన ఇనుములా ఎర్రబడింది. ట్యూబులో కరెంటు మరీ ఎక్కువ పారితే అలా అవుతుంది. వెంటనే ఆపేశాను, మళ్లీ ముట్టుకోలేదు. వస్తువన్నాక పాడవుతుంది, దానికి నాకు కోపం లేదు. మీ మనుషులు నన్ను తిప్పిన తీరే మింగుడు పడటం లేదు.

మొదటి ఫోన్‌లో ఒకమ్మాయి "బేస్ నాబ్ తగ్గించి చూడండి సార్" అంది. బేస్ కాదమ్మా, బయాస్, గిటార్ వాయించనప్పుడు కూడా ట్యూబులో ఎంత కరెంటు పారాలో పెట్టే సెట్టింగ్ అని ఓపిగ్గా చెప్పాను. "నోట్ చేశాను సార్" అంది. తర్వాత వచ్చిన మెసేజ్‌లో నా కంప్లెయింట్ "బేస్ సౌండ్ ఎక్కువ" అని ఉంది. నాలుగో రోజు "మీ సమస్య పరిష్కారమైంది" అని ఇంకో మెసేజ్. నాకు ఫోన్ చేసినవాళ్లే లేరు, ఏం పరిష్కరించారు?

మళ్లీ కంప్లెయింట్ పెడితే ఊళ్ల గొడవ మొదలైంది. భువనేశ్వర్ వాళ్లు "మీకు విశాఖ దగ్గర, అక్కడికి పంపండి" అన్నారు. విశాఖ వాళ్లు "మీ పిన్‌కోడ్ 76తో మొదలైంది, ఒడిశా కస్టమర్‌ని మా సిస్టమ్ తీసుకోదు" అన్నారు. మా పర్లాకిమిడి 1936లోనే ఒడిశాలో కలిసింది. పక్కనున్న పాతపట్నం ఆంధ్రా. మేం రోజూ రెండు భాషలు మాట్లాడుకుంటూనే బతుకుతున్నాం. భువనేశ్వర్‌తో ఒడియాలో, విశాఖతో తెలుగులో చెప్పాను. రెండుచోట్లా "హిందీ లైన్‌కి కలుపుతాం" అని 20 నిమిషాలు పాట వినిపించి కట్ చేశారు. యాంప్ అమ్మిన రోజు ఈ సరిహద్దు మీకు అడ్డం రాలేదు కదా?

అన్నిటికంటే బాధ కలిగించింది టెక్నికల్ టీమ్ అని చెప్పుకున్న అతను. "వెనక మూత తీస్తే లోపల చిన్న స్క్రూ ఉంటుంది, మీరే తిప్పుకోండి" అన్నాడు. లోపల 400 వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, చెయ్యి తగిలితే ప్రాణం పోవచ్చు. ఆ జాగ్రత్త ఒక్క మాట చెప్పలేదు. పైగా సీలు తీస్తే వారంటీ పోతుందని మీ కాగితంలోనే రాశారు. అదే అడిగితే ఫోన్ పెట్టేశాడు.

మా ఊళ్లో వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఒకరున్నారు. ప్లేటు మీద 450 వోల్టులుంటే, 25 వాట్ల వరకే తట్టుకునే ట్యూబుని అందులో 70 శాతం దగ్గర ఉంచాలంటే 39 మిల్లీ ఆంపియర్లు దాటకూడదని నోటిలెక్కన చెప్పారు. మీటరు పెట్టి అరగంటలో సెట్ చేసిస్తానన్నారు కూడా. మీ సీలుకి భయపడి నేనే వద్దన్నాను. మా వీధిలో పెద్దాయన చెప్పగలిగింది మీ కంపెనీ మొత్తంలో ఒక్కరూ చెప్పలేకపోయారు.

పన్నెండేళ్లుగా మీ కస్టమర్‌ని. నా మొదటి గిటార్ మీదే. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో 14 మంది నా మాట మీదే మీ గిటార్లు కొన్నారు. ఈస్టర్ ఆరాధనకి మా చర్చిలో అరువు తెచ్చిన యాంప్ మీద వాయించాను. ఈ పెళ్లిళ్ల సీజన్లో మా ఆర్కెస్ట్రా మూడు ప్రోగ్రాములు వదులుకుంది. ఇవన్నీ మీ టికెట్ నంబర్లలో కనిపించవు.

కొత్త మ్యాచ్‌డ్ (రెండూ ఒకేలా కరెంటు తీసుకునే) ట్యూబుల జత వేసి, బయాస్ సెట్ చేసి, రెండు ట్యూబుల రీడింగులూ కాగితం మీద రాసి, టెక్నీషియన్ సంతకంతో పంపండి. రానూపోనూ పార్సిల్ ఖర్చు మీదే. నాతో అలా మాట్లాడినందుకు క్షమాపణ కూడా కావాలి, మెసేజ్‌లో కాదు, ఉత్తరంలో. 15 రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే వేయొచ్చు, అక్కడ నా పిన్‌కోడ్ చెల్లుతుంది. నష్టపోయిన ప్రోగ్రాముల డబ్బులూ అందులో అడుగుతాను. ఆ 14 మంది పిల్లలకీ జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఇట్లు,
మీ పన్నెండేళ్ల కస్టమర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా