సరిచూసేవాళ్లకూ జీతం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

టింబక్టు రాతప్రతులు సొంతూరికి తిరిగి చేరుతున్నాయన్న వార్త వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. 2025 ఆగస్టులో మాలి రాజధాని బమాకో నుంచి 200కు పైగా పెట్టెలు వెనక్కి వెళ్లాయి. అది చదివి మా అబ్బాయి, "వాటిని స్కాన్ చేశారట కదమ్మా, ఇంక పెట్టెలు ఎక్కడుంటే ఏం?" అన్నాడు. నేను 11 ఏళ్లు తాళపత్రాలు స్కాన్ చేసిన మనిషిని. ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

టింబక్టు సహారా ఎడారి అంచున, నైజర్ నదికి దగ్గర్లో ఉన్న ఊరు. అక్కడ రాతప్రతులు చాలావరకు కుటుంబాల ఆస్తి. తాత నుంచి మనవడికి, అతని నుంచి అతని పిల్లలకు పెట్టెలతో సహా వస్తాయి. 2012లో సాయుధ ముఠాలు ఊరిని ఆక్రమించినప్పుడు అబ్దుల్ ఖాదర్ హైదరా అనే గ్రంథపాలకుడు, ఆయనతోపాటు ఎందరో ఊరివాళ్లు ఆ ప్రతులను రేకు ట్రంకుపెట్టెల్లో సర్ది గాడిద బండ్ల మీద, కార్లలో, పడవల్లో గుట్టుగా బమాకోకు దాటించారు. మూడున్నర లక్షల ప్రతులంటారు. ఆ అంకె మీద పండితుల్లో వాదన ఉంది, నేను దాని జోలికి పోను. 2013 జనవరిలో ఆ ముఠాలు పారిపోతూ ఊళ్లో రాతప్రతులు భద్రపరిచే అహ్మద్ బాబా సంస్థలో మిగిలిన నాలుగు వేలకు పైగా ప్రతులను కాల్చేశాయి. తప్పించుకున్నవాటికి బమాకోలో వేరే శత్రువు ఎదురైంది, తేమ. వందల ఏళ్లు ఎడారి గాలికి అలవాటుపడిన కాగితం అది. నిమ్మగడ్డి నూనె రాసి దాచిన తాటాక్కే వానాకాలం బూజు పట్టడం చూసినదాన్ని, ఆ పెట్టెలు ఎందుకు వెనక్కి వెళ్లాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక స్కానింగు సంగతి. అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన హిల్ మ్యూజియం రాతప్రతుల గ్రంథాలయం 2013లో హైదరా గారి సంస్థతో కలిసి బమాకోలో ఈ పని మొదలుపెట్టింది. 2022లో గూగుల్ కూడా 40,000కు పైగా పుటలను అందరికీ చూపించింది. కొన్ని నేనూ చూశాను. అవి కుట్టిన పుస్తకాలు కావు. విడి కాగితాలను తోలు అట్టలో చుట్టి దాచుకుంటారు. చాలావాటికి పుట సంఖ్య ఉండదు. దాని బదులు పుట అడుగున, మూలగా, ఏటవాలుగా ఒక్క మాట రాసి ఉంటుంది. తర్వాతి పుట మొదలయ్యేది ఆ మాటతోనే. నాకు అరబిక్ ఒక్క ముక్క రాదు. అయినా కింద చూసిన ఆకారాన్నే పక్క పుట పైన వెతికి పట్టుకున్నప్పుడు ఒళ్లు పులకరించింది. ఎవరో రాయసకాడు, కాగితాలు చెదిరిపోతాయని ముందే ఊహించి పెట్టిన గుర్తు అది.

చెదిరితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నేను పనిచేసిన చోట ఆకుకు ఇంత అని లెక్కకట్టి డబ్బులిచ్చేవారు. ఒకరోజు ఒక కట్ట దారం పుటుక్కున తెగి ఆకులన్నీ నేలమీద జారిపోయాయి. అంచున ఉండే ఆకు సంఖ్యలు సగానికి పైగా చితికిపోయి ఉన్నాయి. "ముందు స్కాన్ కానివ్వమ్మా, వరస తర్వాత చూసుకోవచ్చు" అన్నారు పైవాళ్లు. ఆ తర్వాత ఎవరూ చూసుకోలేదు. మొదట్లో ప్రతి కట్టనూ చదివి వివరం చెప్పే పెద్దాయన ఒకరుండేవారు. రెండో ఏడు ఖర్చు ఎక్కువవుతోందని ఆయన్ని మానిపించారు. ఇక లిపి చూసి మేమే భాష నింపాం. తెలుగు లిపిలో ఉన్న సంస్కృత వైద్య గ్రంథం ఒకటి మా కంప్యూటర్లో "భాష: తెలుగు" అని ఎక్కింది. ఆ నింపింది ఈ చేత్తోనే. సంస్కృతంలో వెతికేవాళ్లకు అది ఎప్పటికీ దొరకదు. బొమ్మ మాత్రం నిక్షేపంగా ఉంది.

టింబక్టులో ఈ చిక్కు ఇంకా పెద్దది. అక్కడి ప్రతుల్లో అరబిక్ అక్షరాలతో రాసిన సొంఘాయ్, ఫుల్ఫుల్దే వంటి ఆఫ్రికా భాషలూ ఉన్నాయి. చదవగలిగినవాళ్లు పక్కన లేకపోతే అన్నీ అరబిక్ కిందికే పోతాయి. అప్పుడు ఆఫ్రికావాళ్ల సొంత మాటే వాళ్ల కేటలాగులో కనబడకుండా పోతుంది.

ఈ విషయంలో ఆ ఊరే ఒకప్పుడు దారి చూపింది. 16వ శతాబ్దంలో అక్కడ ఇబ్న్ సీదా అనే పండితుడి అరబిక్ నిఘంటువుకు ఒక నకలు రాయించారు. రాసినవాడికి నెలకు ఒక మిస్కాల్ బంగారం, సరిచూసినవాడికి అర మిస్కాల్ ఇచ్చినట్టు ఆ ప్రతిలోనే రాసుకున్నారు. అర మిస్కాల్ అంటే రెండు గ్రాముల పైచిలుకు. సరిచూడడం జీతమిచ్చి చేయించాల్సిన పని అని వాళ్లకు అప్పుడే తెలుసు. మా పెద్దాయన్ని మానిపించిన రోజు గుర్తొచ్చి, ఈ సంగతి చదువుతూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆఫ్రికా ప్రతులకు డబ్బు పెట్టే విదేశీ సంస్థలైనా, మన తాళపత్రాలకు డబ్బు పెట్టే ప్రభుత్వాలైనా, కెమెరాలకు ఎంత కేటాయిస్తారో చదివేవాళ్లకూ అంత కేటాయించాలి. సొంఘాయ్ చదవగలిగిన టింబక్టు కుర్రాళ్లకు ఆ ఊళ్లోనే, ఆ పెట్టెల పక్కనే ఉద్యోగాలు ఇవ్వాలి. వరస తప్పిందేమోనన్న అనుమానం వస్తే అసలు ప్రతి చేతికి అందేంత దూరంలో ఉండాలి కదా.

మీకూ ఒక విన్నపం. ఇన్ని లక్షల పుటలు స్కాన్ అయ్యాయని ఇకమీదట వార్త వేసేటప్పుడు, వాటిని చదివి వివరం రాయడానికి ఎంతమందిని పెట్టుకున్నారో, నెలకు ఎంత ఇస్తున్నారో మీ విలేకరులు అడిగి, ఆ అంకె కూడా వేయండి.

ఇట్లు,
తాళపత్రాల స్కానింగు విభాగం పూర్వ ఉద్యోగిని,
కడప