మిర్చి కల్లానికీ అతిథులు రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ వేసవి సెలవుల్లో మా కుటుంబమంతా ఇటలీ వెళ్లాం. ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య ఉన్న కియాంతి కొండల్లో, ఒక ద్రాక్షతోటలో వైన్ రుచి చూడటానికి మా అల్లుడు ముందే బుక్ చేశాడు. నేను మందు ముట్టను. అయినా ఆ పూట నాకెంతో నచ్చింది. తోట యజమానురాలే మమ్మల్ని సాళ్ల వెంట తిప్పింది. సాంజొవేజె రకం ద్రాక్ష కనీసం 80 శాతం ఉంటేనే ఆ వైన్‌ను కియాంతి క్లాసికో అనాలి. సీసా మీద నల్ల కోడిపుంజు గుర్తు ఉంటుంది. ఆ ప్రాంతపు హద్దులను 1716లోనే అక్కడి పాలకుడు శాసనంతో నిర్ణయించాడు! పెద్దలకు తలా రెండు గుక్కలు, నంజుకోవడానికి ఉప్పు వేయని రొట్టె, ఆలివ్ నూనె. పిల్లలకు ద్రాక్షరసం.

రైతులు తమ పొలంలోనే అతిథులకు బస, భోజనం ఇచ్చేందుకు ఇటలీ 1985లోనే చట్టం చేసింది. పంట డబ్బుకు తోడు ఈ రాబడి కూడా రైతుకే.

మన గుంటూరు సన్నం మిర్చికీ, అది ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అని చెప్పే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. కానీ ఊరికి వచ్చినవాళ్లకు కనిపించేది మిర్చి యార్డు బయట టిక్కీల (మిర్చి బస్తాల) లారీలే. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చిని దగ్గరుండి చూసి, ఆ రైతు ఇంట్లోనే వేడన్నంలో పండుమిర్చి పచ్చడి, నెయ్యి కలుపుకుని తినే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? ధర పడిపోయిన ఏడాది ఆ కుటుంబానికి కాస్త టెన్షన్ తగ్గుతుంది కదా. పర్యాటక, ఉద్యాన శాఖలు ముందుకొచ్చే కొద్దిమంది రైతులతోనైనా వచ్చే కోతల నాటికి దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను. ముందుగా శుభ్రమైన మరుగుదొడ్లు, దారి చూపే బోర్డులు ఉంటే చాలు.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు