చుక్క గుర్తు కింద దాచిన కారు ధర

సంపాదకులకు నమస్కారం.

కార్ల షోరూముల ధరల మాయ గురించి గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో రాసిన విషయాలు నిజమే. కానీ తప్పంతా కొనేవారి అజాగ్రత్తదే అన్నట్టు, 'షరతులు చదువుకోండి, తొందరపడకండి' అని ముగించడం నాకు బాధ కలిగించింది. అదే రోజు మీ పత్రికలోనే పేజీ నిండా ఒక కారు ప్రకటన ఉంది. అందులో ధర అంకె అరచేయంత ఉంటే, దాని పక్కనున్న చుక్క (*) గుర్తుకు వివరణ మాత్రం పేజీ అడుగున, నా వయసువారు భూతద్దం పెట్టుకున్నా కూడబలుక్కోవలసినంత సన్నని అక్షరాల్లో ఉంది. ఇలాంటి ప్రకటనను నమ్మి ఇటీవల మా అబ్బాయికి కారు కొనబోయి, మేము పడిన ఇబ్బంది వల్లనే ఈ లేఖ రాస్తున్నాను.

ప్రకటనలోని బొమ్మ పై రకం కారుది, ధర అన్నిటికన్నా కింది రకానిది. ఆ కింది రకం ఇప్పట్లో రాదని, కావాలంటే నెలల తరబడి ఆగాలని, పై రకమైతే రేపే ఇస్తామని చెప్పారు. పెద్ద అక్షరాల్లో వేసిన తగ్గింపు సంగతీ అంతే. పాత కారు మార్చుకునేవారికి ఇచ్చేది, ఫలానా సంస్థల ఉద్యోగులకు ఇచ్చేది, అదే కంపెనీ కారు ఇంతకుముందు కొన్నవారికి ఇచ్చేది అన్నీ కూడి ఒకే అంకెగా వేశారు. ఆ అర్హతలన్నీ కలిగిన మనిషి ఎక్కడైనా ఒకరున్నారేమో గాని, మాకు వాటిలో ఒక్కటీ వర్తించలేదు. ఇక అడ్వాన్సు కట్టించుకున్న తరువాతే హ్యాండ్లింగ్ ఛార్జీలు, 'తప్పనిసరి' యాక్సెసరీలు, రంగు మీద పూత, పొడిగించిన వారంటీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. పన్ను, రిజిస్ట్రేషన్, బీమా తప్పనివని మాకూ తెలుసు; వాటి గురించి నాకు ఫిర్యాదు లేదు. మేము అడగని వాటికి మా చేత డబ్బు కట్టించడమే అన్యాయం. మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మంటే, విజిటింగ్ కార్డు వెనక పెన్సిలుతో ఒక అంకె వేసి ఇచ్చారు.

వాయిదాల ప్రకటనలు ఇంకా ఘోరం. నెలకు ఎంతో చెబుతారు గాని, ఎన్నేళ్లు కట్టాలో, చివరికి మొత్తం ఎంతవుతుందో చెప్పరు. 7 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే తక్కువే అనిపిస్తుంది. నెలనెలా అసలు తీరిపోతూ ఉన్నా, వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదనే వేస్తారు కనుక, 5 ఏళ్ల అప్పుకు అది నిజానికి దాదాపు పన్నెండున్నర శాతం. ఈ లెక్క చదువుకున్నవారికే చప్పున తట్టదు. మొదటిసారి కారు కొంటున్న కుటుంబానికి ఎలా తడుతుంది?

పూర్తి ధరను ముందే చెప్పించడం ఎక్కడా సాధ్యం కానిదేమీ కాదు. అమెరికాలో 1958లోనే సెనేటర్ మన్రోనీ చొరవతో వచ్చిన చట్టం, ప్రతి కొత్త కారు అద్దం మీద కంపెనీ సూచించిన ధరను, అదనపు హంగుల ధరలను, రవాణా ఖర్చును అతికించి తీరాలని నిర్దేశించింది. ఆస్ట్రేలియాలో విడివిడి ముక్కలు చూపినా, మొత్తం ధరను ఒకే అంకెగా ప్రముఖంగా చూపాలని చట్టమే చెబుతోంది. అయితే చట్టం ఉంటే చాలదన్నదీ అమెరికాయే చూపింది. ప్రకటనల్లో పూర్తి ధర చెప్పాలంటూ అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ప్రకటించిన నిబంధనను డీలర్ల సంఘాలు కోర్టుకు లాగగా, అది అమలులోకి రాకముందే, నిబంధన తేబోతున్నట్టు ఇవ్వవలసిన ముందస్తు నోటీసు కమిషన్ ఇవ్వలేదన్న కారణంతో 2025 జనవరిలో అప్పీళ్ల కోర్టు కొట్టివేసింది.

అధికారుల వైఖరి చూస్తే మరింత ఆవేదన కలుగుతుంది. త్రాసులో పది గ్రాములు తేడా వస్తే చిల్లర వ్యాపారి మీద కేసు పెట్టే యంత్రాంగమే, లక్షల ప్రతుల్లో అచ్చయ్యే తప్పుడు ధర విషయంలో మాత్రం 'ఎవరైనా ఫిర్యాదు ఇస్తే చూస్తాం' అంటుంది. ఆ ప్రకటన వారి బల్ల మీదకీ రోజూ వస్తూనే ఉన్నప్పుడు, వేరే ఫిర్యాదు దేనికి? జీవితకాలపు పొదుపు పెట్టి కారు కొనేవాడు షోరూంతో, బ్యాంకుతో, బీమా ఏజెంటుతో ఒంటరిగా వాదించుకుంటూ ఉండవలసిందేనా?

అయ్యా, కొనేవాడు చేతికిచ్చి వెళ్లవలసిన పూర్తి మొత్తాన్ని మిగతా అంకెలంత పెద్ద అక్షరాల్లోనే అచ్చు వేయని కారు ప్రకటనను మీ పత్రిక తీసుకోకూడదు. అది ఎందుకు సాధ్యం కాదో ఆ వ్యాసం రాసిన విలేఖరి మీ ప్రకటనల విభాగాన్నే అడిగి, వారిచ్చే జవాబును వ్యాసం వచ్చిన పేజీలోనే ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ చిరకాల పాఠకుడు