కష్టకాలంలో కొత్తగా షాపు తెరిచేవాడికి అప్పెవరిస్తారు? చిన్న పరిశ్రమల మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో అకౌంట్లు రాస్తుంటాను. జీడిపప్పు వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు, చిన్న షాపుల లెక్కలు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్లు (కేంద్రం దగ్గర చిన్న పరిశ్రమల నమోదు) నా రోజువారీ పని. 2020లో కరోనా వేళ నా కళ్లముందు జరిగినది మీకు చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ఆ ఏడాది ఏప్రిల్-జూన్‌లో దేశ జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయింది. అయినా 2020-21లో 1.55 లక్షల కొత్త కంపెనీలు రిజిస్టర్ అయ్యాయి. అంతకు ముందు ఏడాది 1.22 లక్షలే. ఉన్న పని పోతే మనిషి ఏదో ఒకటి మొదలుపెట్టక తప్పదు కదా. కానీ మొదలుపెట్టినవి అన్నిచోట్లా ఒకేలా నిలబడలేదు.

మా కాశీబుగ్గ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతం కుర్రాళ్లు ఇద్దరు హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌లుగా చేసేవారు. లాక్‌డౌన్‌లో ఇద్దరికీ జీతం ఆగిపోయింది. ఒకడు ఊరొచ్చేశాడు, ఒకడు కూకట్‌పల్లిలోనే ఉండిపోయాడు. ఇద్దరూ సొంతంగా రిపేర్ పని పెట్టుకుందామనుకున్నారు. పనితనంలో ఎవరూ ఎవరికీ తీసిపోరు.

కూకట్‌పల్లిలో ఉన్నవాడికి ఒక ఏసీ బాగుచేస్తే వాచ్‌మన్ అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో నాలుగు ఫ్లాట్లు చూపించాడు. స్పేర్ పార్ట్స్ షాపువాళ్లు ముఖపరిచయం మీద వారం అరువిచ్చారు. బ్యాంకు గడప తొక్కకుండానే పని నడిచింది. ఇప్పుడు అతని దగ్గర నలుగురు పనిచేస్తున్నారు.

ఊరొచ్చినవాడు నా దగ్గరికి వచ్చాడు. చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన ముద్రా పథకం కింద మూడు లక్షల లోన్‌కి ప్రాజెక్ట్ రిపోర్టు రాసిచ్చి, తోడుగా బ్యాంకుకి కూడా వెళ్లాను. మేనేజర్ గారు కాగితాలు తిరగేసి రెండేళ్ల ఐటీ రిటర్నులు అడిగారు. నెలకి పద్నాలుగు వేలు తెచ్చుకున్నవాడికి రిటర్నులు ఎక్కడివి? తర్వాత ఇంటి కాగితాలు అడిగారు. పది లక్షల లోపు చిన్న పరిశ్రమల అప్పుకి తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కదండీ అన్నాను. "ముందు ఆరు నెలలు నడిపి చూపించండి, అప్పుడు చూద్దాం" అన్నారు. కుర్రాడు ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చి, బ్యాంకు మెట్ల మీద చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

చివరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. గ్యాస్ సిలిండర్, వ్యాక్యూమ్ పంపు కొన్నాడు. చిన్న పార్టు కావాలన్నా విశాఖ నుంచి రావాలి, డబ్బు ముందే కట్టాలి. మా దగ్గర ఏసీలున్న ఇళ్లు తక్కువ, ఎక్కువగా ఫ్రిజ్‌లే. 2021 ఎండాకాలం మీద ఆశ పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే సెకండ్ వేవ్ వచ్చింది. జబ్బు భయానికి ఎవరూ ఇంట్లోకి రానివ్వలేదు. ఆగస్టులో షట్టర్ దించేసి మళ్లీ హైదరాబాద్ రైలెక్కాడు. అప్పు ఇంకా మూడేళ్లు తీర్చాడు.

అయ్యా, ఆ రోజుల్లో ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. కేంద్రం మూడు లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకం పెట్టింది. కానీ అది 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో అప్పున్నవాళ్లకే, ఆ బాకీలో 20 శాతం. పాత అప్పు లేనివాడికి అందులో చోటే లేదు. వీధి వ్యాపారులకి పదివేలు అప్పిచ్చిన స్వనిధి పథకం పట్టణాల కోసం పెట్టింది. గుజరాత్‌లోని వేరావల్ నుంచి బస్సుల్లో తిరిగొచ్చిన మా మత్స్యకారుల్లో ఒకరు తీర గ్రామంలో ఎండుచేపల వ్యాపారం పెడతానంటే, ఈ రెండింటిలో ఏదీ పనికిరాలేదు.

నగరంలో గిరాకీ, అరువు, పరిచయాలు బ్యాంకు లేని లోటు కొంత తీరుస్తాయి. మా వైపు బ్యాంకు కాదంటే వడ్డీ వ్యాపారే దిక్కు. మీరు నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కులంటున్నారు, సంతోషం. అయితే పార్కులో ప్లాటు తీసుకునేవాడికి చేతిలో ఎంతో కొంత పెట్టుబడి ఉంటుంది. నేను చెబుతున్నది ఆ గేటు దాకా కూడా రాలేనివాళ్ల గురించి.

ఇంకో మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ల సంఖ్య చూసి కొత్త వ్యాపారాలు పెరిగాయనుకోకండి. 2020 జులైలో ఉద్యమ్ వచ్చాక అంతకు ముందు నమోదైన పాత ఉద్యోగ్ ఆధార్ ఉన్న యూనిట్లనీ అందులోకి మార్చాం. నా చేత్తో నేనే ఎన్నో మార్చాను. మూతపడ్డవాళ్లెవరూ వచ్చి పేరు తీయించుకోరు. మండలాలవారీగా నిజంగా కొత్తవెన్ని, రెండేళ్లకి మిగిలినవెన్ని అని ఒకసారి మనుషుల్ని పంపి లెక్క తీయించండి. వెనకబాటు ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది.

మళ్లీ గడ్డుకాలం రాకముందే, మొదటిసారి వ్యాపారం పెట్టేవాడి కోసం రాష్ట్రం తరఫున విడిగా ఒక రుణ హామీ నిధి సిద్ధం చేయండి. ఐటీ రిటర్నులు లేకపోయినా పని అనుభవాన్ని చూసి ఇవ్వాలి. దరఖాస్తుని బ్యాంకు కాదంటే, కారణం రాతపూర్వకంగా జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లాలి. ఆ కేంద్రం శ్రీకాకుళంలో ఉంది, మాకు పోనూ రానూ ఒక రోజు కూలి పోతుంది. వారానికి ఒక రోజైనా ఒక అధికారి మా పక్కనున్న పలాసలో కూర్చునేలా చూడండి.

2020 మే నుంచి ఏడాది పాటు సొంత పని పెట్టుకుంటామని నా దగ్గరికి వచ్చినవాళ్ల వివరాలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను. ఎంత అడిగారో, బ్యాంకు ఏమందో, షాపు ఎప్పుడు మూసేశారో అందులో ఉంది. మీ ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, వాళ్లని అడిగి, వాళ్లు సరేనంటే స్వయంగా తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
కాశీబుగ్గ నుంచి ఒక అకౌంటెంట్